నాలుగక్షరాల సత్యం

యిడ్డిష్ భాషలో సత్యానికి రెండు మాటలున్నాయి. జర్మన్ వంశం నుండి వచ్చినది ‘వార్‌హైట్’, హీబ్రూ నుండి వచ్చినది ‘ఎమెస్’. మనకు నిక్కము, సత్యము ఉన్నట్లే. 1918 లో బోల్షెవిక్కులు యూదు శ్రామికుల కోసం ఆరంభించిన యిడ్డిష్ పత్రికకు మొదట పెట్టిన పేరు ‘వార్‌హైట్’. కొద్ది నెలలకే దానిని ‘ఎమెస్’గా మార్చారు. తరువాత మాస్కోలో అదే పేరుతో ఒక ప్రచురణాలయమూ వెలసింది.

భాషాబోధనతో బ్రతికిన నన్ను ఈ చరిత్రలోకి లాగినది ఆ పేరును వ్రాసిన తీరు. యిడ్డిష్‌ను హీబ్రూ లిపిలోనే వ్రాస్తారు. తక్కిన మాటలను ఉచ్చారణననుసరించి వ్రాసినా, హీబ్రూ నుండి వచ్చిన మాటలకు మూలభాషలోని వర్ణక్రమాన్నే ఉంచడం సంప్రదాయం. ఆ లెక్కన ‘ఎమెస్’కు మూడే అక్షరాలు: ఆలెఫ్, మెమ్, తావ్. వర్ణమాలలో మొదటిది, నడిమిది, కడపటిది కలిస్తే సత్యమని రబ్బీల వ్యాఖ్యానం. అందులో మొదటి అక్షరాన్ని తొలగిస్తే మిగిలేది ‘మృతుడు’ అనే మాట. సోవియట్ భాషావేత్తలు 1920 దశకంలో ఈ తత్సమాలన్నిటినీ చెవికి వినబడినట్లే వ్రాయాలని పట్టుబట్టారు. దానితో సత్యం నాలుగక్షరాలయింది: అయిన్, మెమ్, అయిన్, సామెఖ్. ‘ఋషి’ని ‘రుషి’ అని వ్రాస్తేనే నొచ్చుకునే నాబోటివాడికి ఇది మింగుడుపడదు. అయినా హీబ్రూ చదువుకోని శ్రామికుడు సైతం పత్రిక చదవగలగాలన్న వాదంలో బలం లేదని అనలేను. గిడుగువారు పుట్టిన నేలమీద ఉండి అనకూడదు కూడా.

మంచి మంచి రచయితలు ఈ పక్షానికి వచ్చారు. డేవిడ్ బెర్గెల్సన్ బెర్లిన్‌లో ఉంటూ న్యూయార్క్‌లోని ‘ఫోర్వెర్ట్స్’కు వ్రాసేవారు. అది 1897 లో పుట్టిన సోషలిస్టు దినపత్రిక. 1926 లో దానిని విడిచి, 1922 లో మొదలైన కమ్యూనిస్టుల పత్రిక ‘ఫ్రైహైట్’కు మారారు, 1934 లో సోవియట్ దేశంలోనే స్థిరపడ్డారు. వార్సాలో ‘లితెరారిషె బ్లెటెర్’ అనే సాహిత్య వారపత్రికను స్థాపించిన వారిలో ఒకరైన కవి పెరెట్స్ మార్కిష్ 1926 లోనే వెళ్ళిపోయారు. బడులు, నాటకశాలలు, ప్రచురణాలయాలు యిడ్డిష్‌లో ప్రభుత్వ వ్యయంతో నడిచే దేశం ఆనాడు మరొకటి లేదు. వీరిని అమాయకులని తీసిపారేయడం నాకిష్టం లేదు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలను చౌకగా కొని మురిసిన తరం నాది; తన భాషలో అచ్చుపడ్డ పుస్తకానికి మనిషి ఎంత లొంగుతాడో నాకు తెలుసు.

‘ఎమెస్’ సంపాదకుడు మొయిషె లిత్వాకొవ్‌ను 1937 లో నిర్బంధించారు. మరుసటి ఏడు పత్రిక మూతపడింది, ప్రచురణాలయం మాత్రం నిలిచింది. 1942 లో ఏర్పడిన యూదు ఫాసిస్టు వ్యతిరేక సంఘం ‘ఎయ్నికైట్’, అనగా ఐక్యత, అనే పత్రికను నడిపింది. సంఘాధ్యక్షుడు, మహానటుడు సొలొమోన్ మిఖోయెల్స్‌ను 1948 జనవరిలో మిన్స్క్‌లో చంపించి, ప్రమాదంగా చిత్రించారు. ఆ నవంబరులో సంఘాన్నీ, పత్రికనూ, ప్రచురణాలయాన్నీ మూసివేశారు. ఆ తరువాత దాదాపు పదేళ్ళు ఆ దేశంలో యిడ్డిష్ పుస్తకం వెలువడలేదు.

ఇక్కడ ఒక పుస్తకం కథ చెప్పాలి. ‘దెర్ నిస్టెర్’, అనగా మరుగున ఉన్నవాడు, అనే కలంపేరు గల రచయిత ‘మాష్బెర్ కుటుంబం’ అనే పెద్ద నవల వ్రాశారు. మొదటి సంపుటం 1939 లో మాస్కోలో ఎమెస్ వారే వేశారు. రెండవ సంపుటం 1948 లో వెలువడినది న్యూయార్క్‌లో. వేసినది 1937 లో పారిస్ మహాసభలో ఏర్పడిన యుకుఫ్ అనే వామపక్ష యిడ్డిష్ సాంస్కృతిక సంస్థ. మరుసటి ఏడే రచయితను నిర్బంధించారు. 1950 లో శిబిరంలో మరణించారు. నవలను దక్కించిన పుణ్యం ఆ న్యూయార్క్ వామపక్షీయులదే. రచయిత ఏమయ్యాడని గట్టిగా అడగనివారూ వారే. ఈ రెండింటినీ కలిపి చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

1952 లో మే నుండి జులై వరకు రహస్య విచారణ సాగింది. ఆగస్టు 12 న పదముగ్గురిని కాల్చి చంపారు. వారిలో రచయితలు ఐదుగురు: బెర్గెల్సన్, మార్కిష్, డేవిడ్ హోఫ్‌స్టెయిన్, ఇట్సిక్ ఫెఫెర్, పిల్లల కవి లైబ్ క్విట్కో. ఆనాడు బెర్గెల్సన్‌కు అరవయ్యెనిమిదవ పుట్టినరోజు.

మాస్కో ఏమీ ప్రకటించలేదు. రచయితలు మాయమయ్యారన్న వార్తలను న్యూయార్క్‌లో ‘ఫ్రైహైట్’ సోవియట్ వ్యతిరేకుల అపవాదులని కొట్టిపారవేస్తూ వచ్చింది. శత్రువు చెప్పిన మాట కనుక అబద్ధమే అయి ఉండాలన్నది వారి తర్కం. శత్రువు నోట నిజం రాదని నమ్మడం సంపాదకుడికి సుఖమే, తనవారే చెరలో ఉన్నప్పుడు మాత్రం ఆ సుఖాన్ని నేను క్షమించలేను. చివరకు 1956 ఏప్రిల్‌లో వార్సాలోని కమ్యూనిస్టు యిడ్డిష్ పత్రిక ‘ఫోల్క్స్-ష్టిమె’ ఆ హత్యలను అంగీకరిస్తూ వ్రాసింది. స్వపక్షం పలికాక గాని ‘ఫ్రైహైట్’ నోరు తెరవలేదు.

ఆ పత్రికను 1939 నుండి కడదాకా నడిపినవారు పాల్ నోవిక్. 1946 లో సోవియట్ దేశానికి వెళ్ళి ఈ రచయితలను కలుసుకున్నారు. విచారణలో ఆ కలయికే వారిపై మోపిన నేరాలలో ఒకటయింది: నోవిక్ అమెరికా గూఢచారి అట. తన పత్రిక ఎవరిని వెనకేసుకొచ్చిందో వారి కాగితాలలో ఆయన పేరు ఆ విధంగా ఎక్కింది. ‘ఫ్రైహైట్’ 1988 లో ఆగిపోయింది, మరుసటి ఏడు నోవిక్ మరణించారు. విచారణ వ్రాతప్రతి రష్యన్‌లో పుస్తకంగా వచ్చినది 1994 లో.