జాబితాకెక్కని గుచ్ఛి: కుల్లూ అడవుల్లో ఏరుకునే హక్కు చరిత్ర

పశ్చిమ హిమాలయాల్లో మంచు కరిగి, దేవదారు, ఫర్, ఓక్ చెట్ల కింద నేల వెచ్చబడే మార్చి నుంచి మే వరకు మాత్రమే విరివిగా మొలిచే ఒక అడవి పుట్టగొడుగును హిమాచల్, కశ్మీర్ ప్రాంతాల వారు గుచ్ఛి అంటారు. శాస్త్రజ్ఞులు మోర్కెల్లా అనే ప్రజాతిలో చేర్చిన ఈ శిలీంధ్రానికి మామూలు పుట్టగొడుగులకుండే విచ్చుకున్న గొడుగు ఉండదు. తేనెపట్టులా గుంటలు పడిన కోసు తల, దాని కింద పాలిపోయిన కాడ ఉంటాయి, నిలువునా చీలిస్తే తల కొన నుంచి కాడ మొదలు దాకా లోపలంతా బోలుగా కనిపిస్తుంది. పచ్చిగా తింటే ఇది కడుపులో వికారం కలిగిస్తుంది కనుక బాగా ఉడికించాకే వాడతారు.

నిరుడు రాలిన ఆకుల రంగే దీని రంగు కూడా కావడం వల్ల కన్ను అలవాటు పడనివారికి కాలి దగ్గరున్నా ఇది ఆనదు. అందుకే ఏ వాలులో, ఏ చెట్టు మొదట పోయిన ఏడు దొరికిందో గుర్తుంచుకోవడమే ఈ పనిలో అసలు నైపుణ్యం, ఆ చోటును ఇంటివారు తప్ప పైవారు ఎరగరు. కుల్లూ జిల్లాలోని తీర్థన్, సైంజ్ లోయల్లో స్త్రీలు, పిల్లలు, గొర్రెల కాపరులు ఏరి తెచ్చిన గుచ్ఛిని గుంటల్లో దాగిన పురుగూ మట్టీ దులిపి, దారానికి దండలుగా గుచ్చి ఎండగడతారు. వాన పట్టుకుంటే పొయ్యి మీద వేలాడదీయక తప్పదు గానీ, పొగ వాసన పట్టిన సరుకుకు ధర తగ్గుతుంది. ఎండితే పచ్చి బరువులో సుమారు పదో వంతే మిగులుతుంది. ఉరుములు మెరుపులు ఎక్కువైన ఏడు గుచ్ఛి బాగా మొలుస్తుందని అక్కడి నమ్మకం. తెలుగునాట తొలకరి ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయనుకోవడం ఇటువంటిదే, రెండు చోట్లా నేలను తడిపేది ఉరుము వెంట వచ్చే వానే.

ఎండిన గుచ్ఛి ఊరి దుకాణదారు చేతి నుంచి పట్టణపు వ్యాపారికి, అక్కడి నుంచి అమృత్‌సర్, ఢిల్లీలకు, ఆపైన ఐరోపా వంటశాలలకు చేరుతుంది. కిలో ధర వేల రూపాయల్లో పలికే ఈ సరుకు కొండ ఊళ్ల కుటుంబాలకు వసంతంలో చేతికందే రొక్కం. ఇంత విలువైన దానికి ప్రభుత్వ పత్రాల్లో చోటు మాత్రం చాలాకాలం దక్కలేదు.

1846లో కుల్లూ బ్రిటిష్ వారి ఏలుబడిలోకి వచ్చాక వారి చూపు దేవదారు కలప మీదనే నిలిచింది, ఎందుకంటే రైలు పట్టాల కింద పరిచే దూలాలకు అది అక్కరకొచ్చింది. 1878 నాటి అటవీ చట్టం అడవులను రిజర్వు అడవులుగా, రక్షిత అడవులుగా విభజించగా, కుల్లూలో ఆ పనిని చేపట్టిన ఆండర్సన్ అనే అధికారి 1886లో నివేదిక సమర్పించాడు. పల్లెవాసులు ఏ అడవిలో పశువులను మేపుకోవచ్చో, ఏ కలప తెచ్చుకోవచ్చో నిర్ణయించిన ఈ హక్కుల నమోదునే ‘సెటిల్మెంట్’ అంటారు. 1927 నాటి భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తులను నిర్వచిస్తూ లక్క, ఇప్ప పూలు, కరక్కాయలు, గడ్డి, తీగలు, చివరికి నాచును కూడా పేర్కొన్నది గానీ పుట్టగొడుగు ఊసెత్తలేదు. ఆనాటి శాస్త్రంలో శిలీంధ్రాలు మొక్కలుగానే చెలామణీ అయ్యేవి కనుక ‘చెట్లు కాని మొక్కలు’ అన్న మాటలో అవీ ఇమిడిపోయాయనుకోవచ్చు. స్త్రీలూ పిల్లలూ గుప్పెళ్లతో ఏరుకొచ్చే సరుకు అధికారి లెక్కలోకి రాకపోవడం వింతేమీ కాదు. ఆ ఉపేక్ష నీడలోనే ఏరేవాళ్లు తరాలపాటు అడ్డు లేకుండా మెలిగారన్నది కూడా నిజమే.

ఆ వెసులుబాటుకు గండి పడింది జాతీయ ఉద్యానం రాకతో. కుల్లూ జిల్లాలోనే గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానాన్ని ఏర్పరచే ఉద్దేశాన్ని 1984లో ప్రకటించగా, సుమారు 754 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో తుది ప్రకటన 1999లో వెలువడింది. దానితో లోపలి అడవుల్లో మేపుకోవడం, మూలికలు తవ్వుకోవడం, గుచ్ఛి ఏరుకోవడం నిషిద్ధమయ్యాయి. నమోదైన హక్కులున్న వారికి పరిహారం ఇచ్చారు; ఏ దస్త్రంలోనూ పేరు లేకుండా అడవి మీద ఆధారపడిన వారికి ఆ దారి మూసుకుపోయింది. అదే సమయంలో పార్వతి జలవిద్యుత్ పథకం కోసం సుమారు 10 చదరపు కిలోమీటర్ల భూభాగాన్ని ఉద్యానం నుంచి మినహాయించడం పల్లెవాసుల కళ్లలో పడకపోలేదు. 2014లో యునెస్కో ఈ ఉద్యానానికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది.

ఇంతలో శాస్త్రం పొలంలో గుచ్ఛిని పండించే దారులు వెతికింది. శిలీంధ్రపు పోగులు ఆహారం నిల్వ చేసుకుంటూ గట్టి గుళికలుగా మారే దశను స్క్లెరోషియం అంటారు; ఆ దశను అదుపులోకి తెచ్చుకుని అమెరికాలో రోనాల్డ్ ఓవర్ 1982లో గదిలో పెంచిన మోర్కెల్లాను ప్రకటించాడు. 2021లో సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంస్థ సైతం సాగులో సఫలమైంది.

అడవిలో ఏరుకునేవారి మాటకొస్తే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై వారికి యాజమాన్య హక్కు ఇచ్చింది. అయితే ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం మొక్కల నుంచి వచ్చే వాటికి సంబంధించినది. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మూలికలు, దుంపలు అందులో పేరుపేరునా ఉన్నాయి. అప్పటికి శిలీంధ్రాలు మొక్కల రాజ్యం నుంచి వేరుపడి నాలుగు దశాబ్దాలు కావస్తున్నా, గుచ్ఛి తన హక్కును ఆ జాబితా చివరనున్న ‘ఇటువంటివి’ అన్న మాట కిందే వెతుక్కోవలసి ఉంది.