విడాకుల మధ్యవర్తిత్వం

దంపతులు విడిపోయే షరతులను శిక్షణ పొందిన మధ్యవర్తి సమక్షంలో తామే కుదుర్చుకునే పద్ధతి ఇది. పెద్దమనుషుల పంచాయితీ తీర్పు చెబుతుంది. మధ్యవర్తి తీర్పు చెప్పడు, విన్నది బయటపెట్టడు. 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి అప్పీలుగా వెళ్లిన ఒక విడాకుల కేసులోనే సుప్రీంకోర్టు, ఇలాంటి తగాదాలను ఫ్యామిలీ కోర్టులు మధ్యవర్తిత్వానికి పంపాలని నిర్దేశించింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి రైతు కుటుంబాలకు ఇది మరీ నప్పుతుంది. అక్కడ రాబడి నెలనెలా రాదు, పంట అమ్మితేనే వస్తుంది. భరణం వాయిదాలను మిర్చి యార్డు అమ్మకాల కాలానికి ముడిపెట్టడం, పసుపు కుంకుమ కింద భార్యకిచ్చిన పొలం ఇకమీదట ఎవరు సాగుచేయాలో తేల్చడం ఒప్పందంలో సులువు.

బలహీనురాలిని రాజీకి నెడతారన్న అభ్యంతరం న్యాయమైనదే. హింస ఉన్నచోట కోర్టు రక్షణే ముందు రావాలి. అయితే ఒప్పందమే విడాకులు కాదు. హిందూ వివాహ చట్టం 13-బి కింద న్యాయమూర్తి ఇద్దరి సమ్మతినీ విచారించాకే డిక్రీ ఇస్తారు. పైగా 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీ ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.