సముద్రపు మొగలు: పరిశోధన, దాని ప్రయోజనం

తీరం వెంబడి ఇసుక తిన్నెల చాటున నిలిచిన సరస్సుకూ సముద్రానికీ మధ్య ఆటుపోట్ల నీరు రాకపోకలు సాగించే ఇరుకు దారి ముఖద్వారం. కోస్తా మత్స్యకారుల నోట అది మొగ. పోటు వేళ ఆ దారిన ఉప్పునీరూ, దానితో పాటు రొయ్య పిల్లలూ లోపలికి వస్తాయి. ఆటు వేళ సరస్సు నీరు, వానాకాలంలో అయితే వరద నీరు కూడా, సముద్రంలోకి పోతుంది. పడవలు తిరిగేదీ ఆ దారినే. మొగ పూడితే సరస్సులో ఉప్పు తగ్గి మంచినీటి కలుపు అల్లుకోవచ్చు; వానలు తక్కువైన చోట నీరు ఎండి ఉప్పు పేరుకోనూవచ్చు. ఎలా చూసినా వలకు పని ఉండదు. పూడితే తవ్వాలన్నది ఎవరికైనా తోచే ఆలోచనే. తవ్విన దారి నిలుస్తుందా, నిలిస్తే పక్క తీరం ఏమవుతుంది అన్నవే కష్టమైన ప్రశ్నలు. మొగల మీద జరిగిన పరిశోధన సమాజానికి చేసిన మేలంతా ఈ రెండింటి చుట్టూనే ఉంది. పొక్లెయిన్ ఎవరైనా తెస్తారు, దాన్ని ఎక్కడ దింపాలో, ఎక్కడ దింపకూడదో చెప్పగలిగినవాళ్లే అరుదు.

మొగ ఒక పోట్లాట. కెరటాలు ఒడ్డు వెంట ఇసుకను తోసుకొచ్చి దారి మూయాలని చూస్తాయి. ఆటుపోట్ల ప్రవాహం ఆ ఇసుకను ఊడ్చి పారేయాలని చూస్తుంది. ఒక పోటుకు సరస్సులోకి ఎంత నీరు చేరుతుందో, మొగ అడ్డుకోత వైశాల్యం దాదాపు ఆ నిష్పత్తిలోనే ఉంటుందని అమెరికన్ ఇంజనీరు మోరో ఓబ్రియన్ 1931లో చూపించాడు. అక్కడి పసిఫిక్ తీరపు మొగల కొలతలు అందుకు ఆధారం. నిలకడగా ఉన్న మొగల్లో ప్రవాహపు గరిష్ఠ వేగం సెకనుకు మీటరుకు అటూ ఇటూగా ఉంటుందన్నది ఆ తరవాత స్థిరపడిన అంచనా. 1940లో ఫ్రాన్సిస్ ఎస్కోఫియర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మొగ కాస్త ఇరుకైతే అదే నీరు తక్కువ జాగాలోంచి పోవాలి కనుక వేగం పెరుగుతుంది, ఆ వేగమే ఇసుకను కోసి దారిని మళ్లీ పాత వెడల్పుకు తెస్తుంది. కానీ ఒక హద్దు దాటి ఇరుకైతే కథ తిరగబడుతుంది. అడుగునా అంచులా ఉండే రాపిడి వల్ల సరస్సులోకి చేరే నీరే తగ్గిపోతుంది, వేగం పడిపోతుంది, ఇసుక మేట వేస్తుంది, ఇక మూత పడేదాకా ఆగదు. చిన్న కాలువ తవ్వితే నెలల్లో పూడిపోవడం, అదే చోట పెద్దది తవ్వితే తనను తానే శుభ్రం చేసుకోవడం ఇందువల్లే. చాలినంత తవ్వకపోవడం అంటే అసలు తవ్వకపోవడమే, కాకపోతే డబ్బు ఖర్చవుతుంది.

ఈ లెక్క మన దేశంలో బాగా పనికొచ్చిన చోటు ఒడిశాలోని చిలికా. బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నికరంగా ఉత్తరం వైపు నడుస్తుంది, చిలికా దగ్గర అది సుమారు పది లక్షల ఘనమీటర్లని అంచనా. ఆ తోపుకు పాత మొగ ఈశాన్యంగా జరుగుతూ పోయింది. సరస్సుకూ సముద్రానికీ మధ్య మైళ్ల పొడవున పూడిక కాలువ మిగిలింది. అసలే తక్కువగా ఉండే పోటు బలం ఆ కాలువలోనే నీరసించేది. ఉప్పదనం తగ్గి కలుపు పెరిగింది. 1980ల మధ్యలో ఏటా ఎనిమిది వేల టన్నులు దాటిన చేపల రాబడి, 1990ల నడుమ పదిహేను వందల టన్నుల లోపుకు పడింది. 1981లో రామ్సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల జాబితాకు ఎక్కింది. పుణేలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నమూనా అధ్యయనాలు చేసి ఇసుక తిన్నెను ఎక్కడ కోయాలో సూచించింది. 2000 సెప్టెంబరు 23న సాతపడా దగ్గర కొత్త మొగ తెరిచారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 2001-02 నాటికి రాబడి దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా ఆ జాబితా నుంచి బయటపడింది, రామ్సర్ పురస్కారమూ అందుకుంది.

ఒక్క సరస్సును చూసి ఇంత చెప్పడం తగునా అని ఎవరైనా అడగవచ్చు. రాబడి పెరుగుదలంతా మొగ పుణ్యమే కాదు. కాలువల పూడిక తీయడం వంటి పనులూ ఆ రోజుల్లోనే జరిగాయి. పైగా ఓబ్రియన్ సూత్రం భౌతిక నియమం కాదు, కొలతల నుంచి గీసిన గీత. ఒక్కో తీరంలో దాని అంకెలు మారతాయి. చిలికాలో తవ్విన మొగ కూడా తవ్విన చోటే ఉండలేదు, వెడల్పయింది, జరిగింది. 2008 ఆగస్టులో సముద్రం తనంతట తానే ఇంకో మొగ తెరుచుకుంది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే ఇవి పరిశోధన అక్కర్లేదని చెప్పవు, తవ్విన రోజుతో ఆగకూడదని చెబుతాయి. మొగ గేటు కాదు, తెరిచి గొళ్లెం పెట్టడానికి. ఉప్పదనం, లోతు, ఒడ్డు గీత ఏటా కొలిస్తేనే మళ్లీ ఎప్పుడు చెయ్యి వేయాలో తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం బలమైనది: తరతరాలుగా మొగలను చూస్తున్న మత్స్యకారులకు ఇదంతా కొత్తగా చెప్పాలా? పారలు పట్టుకుని పూడిన మొగను తెరుచుకోవడం చాలా తీరాల్లో ఉన్నదే. పూరీ, గంజాం తీరాల్లో సముద్రంలో వేటాడే, తెలుగు మూలాలున్న నోలియాలకు కెరటం విరిగే చోటు ఏ పటం చూపే దానికన్నా బాగా తెలుసు. దారి ఎప్పుడు ఎటు జరిగిందో చెప్పగల జ్ఞాపకం వాళ్లది. ఎంత లోతు, ఎంత వెడల్పు అయితే ఆ దారి బతుకుతుందో చెప్పేది కొలత. ఒకటి లేకుండా రెండోది గుడ్డిదే. ఇక, పెరిగిన రాబడి ఎవరి బుట్టలో పడిందన్నది నీటి శాస్త్రం తేల్చే విషయం కాదు. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు వద్దని సుప్రీంకోర్టు 1996లో చెప్పవలసి వచ్చిందంటే, నీళ్ల పంచాయతీ మొగ దగ్గర ముగియదన్నమాట.

నిలిచిన మొగ కూడా పక్క ఊరికి కీడు చేయగలదు, ఎందుకంటే ఒడ్డు వెంట పోయే ఇసుక దాని దగ్గర చిక్కుకుంటుంది. విశాఖపట్నం లోపలి రేవు దారి డాల్ఫిన్ నోస్ కింద ఉన్న ఆటుపోట్ల మొగే. రేవు 1933లో తెరుచుకున్న కాలంలోనే రెండు పాత ఓడలను ముంచి కెరటాలకు అడ్డుకట్టగా వాడారు. అడ్డు చాటున చేరిన ఇసుకను తవ్వి ఉత్తరాన ఉన్న బీచ్‌కు పంపడం అక్కడి పాత పద్ధతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో కలిసి పరిశోధకులు వాల్తేరు తీరపు ఇసుక ఏ ఋతువులో పోతుందో, ఏ ఋతువులో తిరిగి వస్తుందో కొలిచారు. అలాంటి లెక్క ఉంటే బీచ్ కోతను శాపంగా కాక బాకీగా చూడవచ్చు, తీర్చవలసింది ఎన్ని ఘనమీటర్లో చెప్పవచ్చు.

చిలికా విజయం చూసి అదే వైద్యం పులికాట్‌కూ చేయాలన్న కోరిక సహజం. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నారు. కానీ పులికాట్ లోతు చాలా తక్కువ ఉన్న సరస్సు. వేసవిలో ఉత్తర భాగం ఎన్నో మైళ్లు బీటలు వారి కనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట నీటి నడకను అడ్డుకుంటుంది. చిలికాకు మహానది పాయలున్నట్టు దీనికి పెద్ద నది లేదు; కాళంగి, ఆరణి, స్వర్ణముఖి ఈశాన్య ఋతుపవనాల వానకు పొంగి తరవాత సన్నగిల్లేవే. అంటే ఒక పోటుకు లోపలికి చేరే నీరే తక్కువ, మొగను ఊడ్చే బలమూ తక్కువ. ఎస్కోఫియర్ లెక్కన ఇది హద్దుకు అవతలి వైపు పడే ప్రమాదం ఉన్న సరస్సు. కనుక ఇక్కడ మొగ ఒక్కటే తవ్వితే చాలదు. లోపలి కాలువలు లోతు చేయాలి, రోడ్డు కట్ట కింద నీటికి మరిన్ని తూములు ఇవ్వాలి, ఆ తరవాతే మొగ కొలత నిర్ణయించాలి. తీసిన ఇసుకను ఎక్కడ పోయాలన్నదీ అప్పుడే తేలాలి: దక్షిణపు గట్టున పోస్తే నైరుతి కెరటాలు దాన్ని తెచ్చి మళ్లీ అదే మొగలో వేస్తాయి, ఉత్తరాన పోస్తే అది కోతకు గురయ్యే ఒడ్డుకు చేరుతుంది.