కోటలు – కూలీలు (4): అల్మె లోయ మీది మూడు మూలల కోట



కోట కనిపించగానే 'ఎవరు కట్టించారు?' అని అడగడం మనకు బళ్లోనే అలవాటు చేశారు. మా తాత గడీలో వెట్టి చేసినవాడు. అందుకే నాకు ముందు రాళ్లు మోసినవాళ్లే గుర్తొస్తారు. ఈసారి జర్మనీకి పోదాం.

పాడర్‌బోర్న్ దగ్గర అల్మె నది లోయ పైన వేవెల్స్‌బుర్గ్ కోట ఉంది. మధ్యయుగాల నాటి పాత కోట ఉన్నచోట, 1603–1609 మధ్య పాడర్‌బోర్న్ బిషప్పు దీన్ని మూడు మూలలుగా కట్టించాడు. 1815లో పిడుగు పడి ఉత్తర బురుజు కాలిపోయింది.

అసలు కథ 1934లో మొదలవుతుంది. హిమ్లర్ ఈ కోటను ఎస్ఎస్ కోసం నూరేళ్లకు లీజుకు తీసుకున్నాడు. అద్దె ఏడాదికి ఒక్క మార్కు! కోటను బాగుచేసి, దాని చుట్టూ తన 'జాతి' పెద్దల కేంద్రం కట్టాలనుకున్నాడు. ఊరినే లేపేసే ప్లాను గీయించాడు. పుట్టుకతోనే గొప్పవాళ్లమనే మాట మనకేం కొత్త కాదు కదా.

మరి పని చేసేదెవరు? 1939 నుంచి ఖైదీలను తెచ్చారు. కోట పక్కనే నీడర్‌హాగెన్ క్యాంపు పెట్టారు. క్వారీలో రాయి కొట్టడం, మోయడం, బురుజు కట్టడం అంతా వాళ్లే. సైన్యంలో చేరం, హిట్లర్‌కు సెల్యూట్ కొట్టం అన్న యెహోవా సాక్షులు వాళ్లలో చాలామంది. విశ్వాసం వదిలేశామని సంతకం పెడితే విడిచిపెడతామన్నారు. ఎక్కువమంది పెట్టలేదు. తర్వాత సోవియట్ దేశం నుంచి పట్టుకొచ్చినవాళ్లూ చేరారు. సుమారు 3,900 మంది ఖైదీల్లో కనీసం 1,285 మంది ఆకలితో, చాకిరీతో, దెబ్బలతో, ఉరితో చచ్చిపోయారు. 1942లో క్యాంపులోనే శవాలు కాల్చే కొలిమి కట్టారు.

ఉత్తర బురుజులో ఆ ఖైదీలతో పనిచేయించిన హాలు నేల మీద పాలరాతి చక్రం ఒకటుంది. నియో నాజీలు ఇప్పుడు దాన్నే గుర్తుగా మోస్తున్నారు. ఆ రాయి మోసినవాళ్ల ఊసు వాళ్లకు అక్కర్లేదు.

1945 మార్చి 31న ఎస్ఎస్ వాళ్లే కోటను పేల్చి తగలబెట్టారు. రెండు రోజులకు అమెరికా సైన్యం వచ్చి, మిగిలిన కొద్దిమంది ఖైదీలను విడిపించింది.

ఇక్కడ తేదీలు చూడండి. కోటకు మరమ్మతు చేసి 1950లో యూత్ హాస్టల్ తెరిచారు. ఎస్ఎస్ అఘాయిత్యాల మీద మ్యూజియం 1982 దాకా రాలేదు. ఖైదీలను వరసగా నిలబెట్టి లెక్కపెట్టిన మైదానంలో స్మారకం 2000లో వచ్చింది, అదీ యువకులు పట్టుబడితే. క్యాంపు వంటశాల మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. అది ఆ ఊరి ఫైర్ స్టేషన్.