బడ్డీ గై గిటారు

అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తిచేలలో కష్టించిన నల్లజాతివారి వ్యథనుండి పుట్టిన గానం బ్లూస్. ఆ సంప్రదాయానికి పెద్దదిక్కైన బడ్డీ గై 1936లో లూయిజియానాలోని లెట్స్‌వర్త్‌లో, పాలుకు సేద్యం చేసే కుటుంబంలో జన్మించినాడు. తానే కూర్చుకొన్న రెండు తంత్రుల వాద్యంపై సాధన ప్రారంభించి, 1957లో షికాగో చేరినాడు.

అచ్చటి చెస్ రికార్డుల కంపెనీ ఆయనను ఇతరుల పాటలకు ప్రక్కవాద్యగానిగా వాడుకొన్నదే గాని, తంత్రులను సాగదీసి కేకపెట్టించే ఆయన సొంత బాణీని రికార్డులకెక్కనీయలేదు. వారికది వట్టి రొదగా తోచినది. కాని మడ్డీ వాటర్స్ 1964 నాటి ‘ఫోక్ సింగర్’లో గై మృదువైన సహవాద్యం విన్నవారెవరూ ఆయనకు రొద తప్ప మరేమీ రాదని అనజాలరు! రాత్రులు క్లబ్బులలో వాయిస్తూ, పగళ్ళు చెడిన కార్లను లాగుకొనిపోయే లారీ నడిపి ఆయన సంసారం ఈదినాడు. ఆ రొదనే సముద్రానికి ఆవల ఎరిక్ క్లాప్టన్ వంటి ఇంగ్లీషు యువకులు చెవియొగ్గి విన్నారు. రాక్ సంగీతంలో శిష్యులు గురువుకంటె ముందే సంపన్నులైనారు.

1991లో ‘డామ్ రైట్, ఐ హావ్ గాట్ ద బ్లూస్’ వెలువడి గ్రామీ బహుమానం తెచ్చునాటికి ఆయనకు ఏబది అయిదేండ్లు. 2011లో బొంబాయి మెహబూబ్ స్టూడియోలో జరిగిన మొదటి మహీంద్రా బ్లూస్ ఉత్సవానికి వచ్చునాటికి డెబ్బది అయిదవ యేడు నడుస్తున్నది. పొడవైన తీగ తగిలించుకొని, వేదిక దిగి శ్రోతల నడుమ వాయించడం యౌవనంలో గిటార్ స్లిమ్‌ను చూచి నేర్చినది. వార్ధక్యంలోనూ ఆయన ఆ అలవాటు మానలేదు.