బొమ్మల కథల అసలు ప్రతులు: సేకరణ, మారుతూ వచ్చిన విలువ

కామిక్సు, బొమ్మల కథ, పత్రికలో కథకు వేసిన బొమ్మ అచ్చుకు వెళ్లకముందు చిత్రకారుడు చేత్తో గీసిన కాగితాన్నో బట్టనో అసలు ప్రతి అంటారు. అమెరికా, ఫ్రాన్సు, బెల్జియం దేశాల్లో వీటి సేకరణ కోట్ల రూపాయల వ్యాపారం. తెలుగువారి దగ్గర దీనికి రెండు పాయలున్నాయి. ఒకటి తెలంగాణ ఊళ్లలో కథ చెప్పడానికి వాడిన పటం. రెండోది మద్రాసు నుంచి వెలువడిన తెలుగు పత్రికల బొమ్మ. రెండింటి చరిత్రా ఒకే దారిన నడిచింది. వాడుకలో ఉన్నన్నాళ్లు ఆ బొమ్మను పనిముట్టుగానే చూశారు. వాడుక ఆగిపోయాకే దానికి ధర పలికింది. అప్పటికి చాలాభాగం నశించింది. మిగిలినదానికి వచ్చిన ధరలో గీసినవాళ్లకు దక్కింది చాలా తక్కువ.

పటం

హైదరాబాదుకు ఉత్తరాన శామీర్‌పేట మీదుగా సాగే రాజీవ్ రహదారిలో సిద్దిపేట వైపు వెళ్తే, దుద్దెడ దగ్గర కుడిచేతి వైపు చేర్యాలకు దారి చీలుతుంది. నకాషీ కుటుంబాలు పటాలు రాసే ఊరు ఇదే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. 

పటం గజం వెడల్పున, ముప్ఫై నుంచి అరవై అడుగుల పొడవున ఉండే బట్ట. ఖద్దరుకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. పూత ఆరాక పెన్సిలు గీత లేకుండా నేరుగా ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మ దిద్దుతారు. వెనక అంతా ఎర్ర రంగు. పాతకాలంలో ఇంగిలీకం, దీపపు మసి, నీలిమందు వంటివి వాడేవారు. మొదట వినాయకుడు, ఆ తర్వాత కథ. పటం పైనుంచి కిందికి విప్పుకుంటూ పోతుంటే అడ్డంగా ఒకదాని కింద ఒకటి గళ్లు వస్తాయి, గడికీ గడికీ నడుమ పూల పట్టీ ఉంటుంది. ఒక గడిలో రాజు వేటకు బయల్దేరతాడు, కింది గడిలో అడవి, ఆ కిందిదానిలో యుద్ధం. కథకుడు కర్రతో ఒక్కో గడినీ చూపిస్తూ పాడతాడు. గళ్లుగా విడగొట్టి కథ నడిపే కామిక్సు పద్ధతి ఇక్కడ అచ్చుయంత్రం రాకముందే నిండుగా ఉంది. చేర్యాల బొమ్మను జానపద కళల కిందే లెక్కకట్టి కామిక్సు చరిత్రలో దానికి చోటివ్వకపోవడం సరికాదని నా అభిప్రాయం.

పటం గీసినవాడు ఒకడు, వాడేవాడు వేరొకడు. కాకిపడగలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టీలు గౌడులకు, డక్కలివారు మాదిగలకు వారివారి కుల పురాణాలు చెబుతారు. ఏ బృందానికి ఏ ఊళ్లు అన్నది వంశపారంపర్యపు హక్కు. పటం లేనిదే కథ లేదు, కథ లేనిదే ఆ ఊళ్ల నుంచి కథకుడికి వచ్చే కానుక, త్యాగం, లేదు. అందుకే కథకుడి ఇంట్లో పటం పొలంతో సమానమైన ఆస్తి. దాన్ని అమ్మడమన్న మాటే ఉండేది కాదు. ఏళ్ల తరబడి చుట్టి విప్పి, చుట్టి విప్పి రంగు రాలిపోతే, కొత్తది రాయించుకుని పూజ చేసి, పాతదాన్ని నీళ్లలో కలిపేవారు. దేవతలున్న పటం కనుక చెత్తలో పారేయరు. ఈ ఆచారం వల్లే చాలా పాత పటాలు ఎంతో తక్కువగా మిగిలాయి. సేకరించేవారికి అది నష్టమే. కథకుల కళ్లతో చూస్తే మాత్రం అందులో తప్పేమీ లేదు. పటం పని తీరింది, మర్యాదగా సాగనంపారు.

సినిమా, ఆ తర్వాత టీవీ పల్లెలకు చేరాక కథకు పిలిచేవాళ్లు తగ్గారు. కొత్త పటాలు రాయించుకోవడం ఆగింది. కొందరు కథకులు ఇంట్లో ఉన్న పటాన్నే అమ్ముకున్నారు. ఆ దశలో వాటి విలువ గుర్తించిన కొద్దిమందిలో జగదీశ్ మిత్తల్ ముఖ్యులు. 1925లో పుట్టిన ఈయన 1951లో హైదరాబాదు వచ్చి, బద్రీవిశాల్ పిత్తి నడిపిన ‘కల్పన’ హిందీ పత్రికకు కళా విభాగం చూశారు. భార్య కమలతో కలిసి దక్కనీ కళను ఓపికగా సేకరించారు. 1976లో ఆ సేకరణ అంతా జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం పేర ట్రస్టు చేతికి వెళ్లింది. ఇది దోమలగూడలో ఉంది. అందులోని పటాల మీద మిత్తల్ స్వయంగా రాసిన పుస్తకం 2014లో వచ్చింది. ఆయన 2025 జనవరిలో కన్నుమూశారు. సొంత డబ్బుతో కొన్నవాటిని మళ్లీ అమ్ముకోకుండా ప్రజలపరం చేయడం ఆయన చేసిన గొప్ప పని.

పటం చేతులు మారిన తీరులో ఒక చెడు కూడా ఉంది. నలభై అడుగుల బట్ట గోడకు పట్టదు కాబట్టి ముక్కలుగా కోసి ఫ్రేములు కట్టించినవారున్నారు. కోసిన ముక్కలో బొమ్మ మిగులుతుంది, కథ పోతుంది. ముక్కలన్నీ కలిపినా నిండు పటం ధర రాదు. చేర్యాల చిత్రకారులు కూడా 1970ల నుంచి హస్తకళల సంస్థల ప్రోత్సాహంతో చిన్న బొమ్మలకు మళ్లారు. ఒకే సన్నివేశం ఉన్న ఫ్రేములు, మాస్కులు, తాళాల గుత్తులు రాశారు. సహజ రంగుల స్థానంలో డబ్బా రంగులు వచ్చాయి. ఇవాళ గోల్కొండ హస్తకళల దుకాణంలో కొనేది ఎక్కువగా ఈ రకమే. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ మార్పును తప్పు పట్టనక్కర్లేదు. నకాషీల పొయ్యి వెలిగించింది అదే. అయితే సేకరించాలనుకునేవారు కథ చెప్పడానికి వాడిన పటం, అలంకారానికి రాసిన బొమ్మ ఒకటి కావని తెలుసుకుని కొనాలి. వాడిన పటం మీద కర్ర కొస తగిలి రంగు లేచిన చోట్లు, అంచుల్లో కుట్లు, అతుకులు కనిపిస్తాయి. అవి లోపాలు కావు, దాని చరిత్రకు రుజువులు.

పత్రికల బొమ్మ

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ‘చందమామ’ మొదలుపెట్టారు. పేజీ పేజీకీ బొమ్మ ఉండాలన్నది ఆ పత్రిక పట్టుదల. చిత్రా పేరుతో గీసిన టి. వి. రాఘవన్, శంకర్ అని సంతకం చేసిన కె. సి. శివశంకరన్, మహాభారతం ముఖచిత్రాలు వేసిన ఎం. టి. వి. ఆచార్య, వ.పా. అన్న రెండక్షరాలతో తెలుగిళ్లలో నిలిచిన వడ్డాది పాపయ్య దాని చిత్రకారులు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో మొదలుపెట్టిన ‘తోకచుక్క’ మొదలు వరుసగా వచ్చిన సీరియళ్లకు చిత్రా గీసిన మాంత్రికులు, రాక్షసులు, వింతజంతువులు రెండు మూడు తరాల పిల్లల ఊహల్లో స్థిరపడ్డాయి. భుజాన శవాన్ని మోస్తూ, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. ఆ ఒక్క బొమ్మనే బేతాళ కథల మొదట ఏళ్ల తరబడి వాడారు. తెలుగు, తమిళం, హిందీ, ఇంకా పలు భాషల చందమామలన్నింటికీ బొమ్మలు ఒకటే. ఒకే కాగితం మీద గీసిన బొమ్మను దేశమంతా చూసింది.

అచ్చు పద్ధతి తెలిస్తే ఆ కాగితాల గతి ఎందుకలా అయిందో అర్థమవుతుంది. చిత్రకారుడు అచ్చు కొలత కంటే పెద్దగా నల్ల ఇంకుతో గీసేవాడు. కెమెరాతో ఫోటో తీసి, కొలత తగ్గించి, జింకు రేకు మీద బ్లాకు చేసేవారు. గీత తప్పిన చోట తెల్లరంగు పూసి దానిమీద మళ్లీ గీసేవారు. మార్పు పెద్దదైతే వేరే కాగితం ముక్క అంటించేవారు. అంచున ఎంత తగ్గించాలో, ఏ పేజీకో పెన్సిలుతో రాసేవారు. ఇవేవీ అచ్చులో పడవు. బ్లాకు తయారవగానే ప్రెస్సు దృష్టిలో కాగితం పని అయిపోయింది. దాచాల్సింది బ్లాకును. ఆ కాగితాన్ని జాగ్రత్త చేయాలన్న ఆలోచన మన పత్రికల్లో చాలామందికి రాలేదు. కొన్ని పాత కట్టల్లో పడ్డాయి, కొన్నింటికి చెద పట్టింది, కొన్ని చిత్రకారుల ఇళ్లకు చేరాయి. ఇవాళ ఆ తెల్లరంగు మచ్చలు, అంటించిన ముక్కలు, అంచు రాతలే సేకర్తకు బంగారం. చిత్రకారుడు ఎక్కడ ఆగాడో, ఏది మార్చుకున్నాడో అవే చెబుతాయి.

బాపు సంగతి కొంత వేరు. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో చెన్నైలో కన్నుమూసిన ఆయన పత్రికలకు, పుస్తకాలకు, కార్టూన్లకు, సినిమాలకు ఒకే చేత్తో గీశారు. సినిమాలో ప్రతి షాటునూ ముందే గళ్లలో బొమ్మగా వేసుకోవడం ఆయన అలవాటు. ‘సంపూర్ణ రామాయణం’ (1971), ‘సీతాకల్యాణం’ (1976) వంటి చిత్రాలకు అలా గీసుకున్న కాగితాలు కామిక్సు పేజీలకు ఏమాత్రం తీసిపోవు. తెలుగు చిత్రకారుల్లో బతికుండగానే అసలు ప్రతికి కొనుగోలుదారులు దొరికిన అరుదైన వ్యక్తి ఆయన. అందువల్లే నకళ్లు వచ్చే ప్రమాదమూ ఆయన బొమ్మలకే ఎక్కువ. భూతద్దం కింద చుక్కల జల్లెడ కనిపిస్తే అది అచ్చు. ఇంకు కింద పెన్సిలు జాడ, గీత కలిసిన చోట ఇంకు చిక్కబడటం, కాగితం వెనక ఒత్తిడి కనిపిస్తే చేతి పని అయ్యే అవకాశం ఎక్కువ.

చందమామ 1998లో కొంతకాలం ఆగి, 1999 చివర మళ్లీ వచ్చింది. 2007లో జియోడెసిక్ అనే సంస్థ దాన్ని కొన్నది. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. చివరి దాకా గీసిన శంకర్ 2020 సెప్టెంబరులో 96 ఏళ్ల వయసులో మరణించారు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. పత్రిక ఆగాక పాత సంచికలకు, వాటితో పాటు ఆ బొమ్మల అసలు ప్రతులకు గిరాకీ పెరిగింది.

బయటి మార్కెట్టు

అమెరికాలోనూ మొదట ఇదే కథ. కామిక్సు కంపెనీలు అసలు పేజీలను తమ దగ్గరే పెట్టుకున్నాయి, ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టాయి, పారేశాయి. 1970ల్లోనే చిత్రకారులకు తిరిగి ఇవ్వడం మొదలైంది. మార్వెల్ కంపెనీకి వేల పేజీలు గీసిన జాక్ కిర్బీ ఏళ్ల తరబడి పోరాడితే 1987లో చేతికి వచ్చినవి సుమారు రెండు వేలు. ఆ తర్వాత ధరలు పరుగెత్తాయి. స్పైడర్‌మ్యాన్ 328వ సంచికకు టాడ్ మెక్‌ఫార్లేన్ గీసిన ముఖచిత్రం 2012లో 6,57,250 డాలర్లకు పోయింది. వుల్వరిన్ తొలిసారి కనిపించిన పేజీ 2014లో సరిగ్గా అంతే పలికింది. స్పైడర్‌మ్యాన్ నల్లదుస్తుల పుట్టుక చూపే 1984 నాటి ఒక్క పేజీకి 2022 జనవరిలో 33.6 లక్షల డాలర్లు వచ్చాయి. గీసినవాడు మైక్ జెక్.

టిన్‌టిన్ సృష్టికర్త హెర్జే 1936లో ‘బ్లూ లోటస్’ కథకు రంగుల్లో వేసిన ముఖచిత్రాన్ని, అచ్చు ఖర్చు ఎక్కువవుతుందని ప్రచురణకర్త పక్కన పెట్టాడు. అది ప్రచురణకర్త కొడుకు చేతికి చేరి, మడతలు పడి దశాబ్దాలు సొరుగులో ఉండిపోయింది. 2021 జనవరిలో పారిస్ వేలంలో అదే కాగితం సుమారు 32 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. మడతల గుర్తులు దాని మీద అలాగే ఉన్నాయి. దీనికి భిన్నంగా, స్పైడర్‌మ్యాన్ తొలి కథకు స్టీవ్ డిట్కో గీసిన 1962 నాటి అసలు పేజీలను 2008లో ఒకరు పేరు చెప్పకుండా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. వేలం వేసి ఉంటే ఎంతొచ్చేదో ఊహించవచ్చు. ఆ పేజీలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు.

హక్కు ఎవరిది

అసలు ప్రతి కొన్నవాడికి కాగితం మీద హక్కు వస్తుంది కానీ బొమ్మను అచ్చువేసుకునే హక్కు రాదు. మన దేశంలో కాపీరైటు హక్కు చిత్రకారుడి మరణం తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. 1992 డిసెంబరులో మరణించిన వడ్డాది పాపయ్య సొంత హక్కు ఉన్న బొమ్మలకు ఆ గడువు 2052 చివర ముగుస్తుంది. పత్రికలో జీతానికి గీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది. మిగతా హక్కులు చిత్రకారుడివేనని 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను చెబుతోంది.

ఇంకా ముఖ్యమైనది 1994 సవరణతో చేరిన 53ఎ సెక్షను. అసలు చిత్రం మారుబేరంలో పదివేల రూపాయలకు మించి పలికితే, తొలి హక్కుదారైన చిత్రకారుడికి గానీ వారసులకు గానీ అందులో వాటా ఉంటుంది. అది పది శాతానికి మించకూడదు. కాపీరైటు ఉన్నంతకాలమే ఇది వర్తిస్తుంది. కాగితం మీద మంచి చట్టం. చిత్రకారుల కుటుంబాల్లో దీన్ని అడిగేవారు, చెప్పేవారు మరీ తక్కువ. ఈ సెక్షను గురించి తెలిసి ఉంటే చాలా ఇళ్లు ఆ వాటా అడిగి ఉండేవి.

ఇక చివరిగా ఒక మనవి. మీ ఇంట్లో పటం ఉన్నా, పత్రికల చిత్రకారుడి బొమ్మల కట్ట ఉన్నా దయచేసి కోయకండి, లామినేషను చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. ఆమ్లం లేని కాగితం మధ్య బల్లపరుపుగా పెట్టి, ఎండ, చెమ్మ తగలకుండా ఉంచండి. పటాన్నయితే మడతపెట్టకుండా లావుపాటి గొట్టానికి చుట్టండి. ఎవరు గీశారో, ఏ సంచికకో, ఎప్పుడు ఎలా వచ్చిందో వేరే కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. అమ్మాల్సి వస్తే రసీదు మీద 53ఎ సెక్షను ప్రస్తావన పెట్టించుకోండి.