గట్టు కనిపించే ముందు రోజు

బంగాళాఖాతం దాటే ఓడ ప్రయాణంలో రేవు చేరడానికి ముందు రోజు ఒక తీరుగా ఉంటుంది. మొదటి రెండు రోజుల తిప్పుడూ వాంతులూ తగ్గి, ఓడ ఊగడానికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది. రేవు ఇంకా రాలేదు కనుక మూటలు కట్టే హడావిడి ఉండదు. నాలుగు వైపులా నీళ్ళే. విహార నౌకల వాళ్ళు దీన్ని ‘సీ డే’ అని టికెట్టు మీదే రాసి, హాయిగా గడిపే రోజుగా అమ్ముతున్నారు. తెలుగువాళ్ళు ఇలాంటి రోజుల్ని నూరేళ్ళకు పైగా గడిపారు. అది సెలవు దినంగా మారింది మాత్రం ఈ మధ్యనే.

ఆ ప్రయాణాల మొదలు గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవులో ఉంది. ఓడలు కట్టే ఊరిగా, ఓడలు నడిపే ఊరిగా కోరంగికి పెద్ద పేరుండేది. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు ఊరిని ఊడ్చేశాయి. మిగిలిన వ్యాపారం కాకినాడకు తరలింది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో దిగిన తెలుగువాళ్ళందరినీ, శ్రీకాకుళం వాళ్ళయినా విశాఖ వాళ్ళయినా, అక్కడి జనం ‘కోరంగీలు’ అనే పిలిచారు. ఇక్కడి పల్లెల్లో రంగూన్ ‘రంగం’ అయింది. ఊళ్ళో మగవాడు కనిపించకపోతే ‘రంగం వెళ్ళాడు’ అంటే చాలు, ఇంకేమీ అడగనక్కరలేదు.

తెరచాప ఓడల తర్వాత స్టీమర్లు వచ్చాయి. విలియం మెకినన్ 1856లో కలకత్తా–రంగూన్ టపా రవాణా కోసం పెట్టిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకుంది. దాని ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల్లో ఆగుతూ జనాన్ని ఎక్కించుకునేవి. దిగువ బర్మాలో వరి కోతలకూ, రంగూన్ బియ్యం మిల్లులకూ, రేవు పనికీ మనుషులు కావాలి. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, టికెట్టు కొనిపెట్టి, గుంపుగా తీసుకువెళ్ళేవాడు. కోతలకు పోయి, మిల్లు పని తగ్గాక వేసవికి ఇల్లు చేరేవాళ్ళు చాలామంది.

వీళ్ళంతా డెక్కు ప్యాసింజర్లు. అంటే గది లేదు, మంచం లేదు. చాప పరిచినంత మేర ఎవరిది వారికి. ఆ చాప మీదే తిండి, నిద్ర, పిల్లల ఏడుపు. వెంట తెచ్చుకున్న మూటే తలగడ. అలలు లేచిన రాత్రి ఉప్పునీటి తుంపరలకు దుప్పటి తడిస్తే మర్నాటి ఎండలో ఆరేది కానీ, జిడ్డు వదిలేది కాదు. 1915లో గాంధీ కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్కు మీదే ప్రయాణం చేశారు. అక్కడి స్నానపు గదులు, మరుగుదొడ్లు ఎంత రోతగా ఉన్నాయో తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాశారు. పేరున్న మనిషి రాశాడు కనుక అది చదవడానికి మిగిలింది. ఏటేటా అదే డెక్కు మీద వెళ్ళిన వేలమంది కూలీల మాట పెద్దగా నమోదు కాలేదు.

వాళ్ళకు ఆఖరి రోజు ఎలా గడిచిందన్నది ఓడ ముక్కు ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి ఉండేది. రంగూన్ వైపు వెళ్ళేటప్పుడు నీలంగా ఉన్న నీరు మెల్లగా బురద రంగుకు తిరిగేది. అది ఇరావతి మోసుకొచ్చే ఒండ్రు. ఆ తర్వాత ఓడ నదిలోకి మళ్ళి చాలా దూరం లోపలికి పోవాలి. రేవు రాకముందే ష్వేడగోన్ పగోడా బంగారు శిఖరం ఎండలో మెరిసేది. మేస్త్రీకి బాకీ పడి వచ్చినవాడికి ఆ మెరుపు పని మొదలవుతోందన్న కబురు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. రేవులో బస్తాలు మోసే పని ఎక్కువగా తెలుగువాళ్ళదే. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపడం, మళ్ళీ తీసేయడం గొడవలకు దారితీసి రంగూన్ వీధుల్లో రక్తం పారింది.

తిరుగు ప్రయాణం ఇంకో రకం. మొలలో నాలుగు రూపాయలుంటే, ఆ ఆఖరి పగలు నిజంగానే తీరిక. కూలీ జీవితంలో మేస్త్రీ కేక వినపడని పగళ్ళు అవే. అయితే కాకినాడలో ఓడ గట్టు దాకా వచ్చేది కాదు. గోదావరి ఒండ్రుతో అక్కడి సముద్రం లోతు తక్కువ కనుక, ఓడ మైళ్ళ దూరంలో లంగరు వేసేది. పడవలు వచ్చి మనుషులనూ మూటలనూ దించుకోవాలి. విశాఖపట్నంలో 1933 దాకా అలల్ని దాటించడానికి మసూలా పడవలే దిక్కు. వీటి చెక్కల్ని మేకులతో కొట్టరు, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. అల వచ్చి కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది. ఇల్లు కళ్ళెదుట కనిపిస్తూ కూడా ఆఖరి మైలు ఇలా ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటాల్సిందే.

ఈ స్టీమర్ల కాలంలోనే లోకంలో మరో మూల ఓడ ప్రయాణం విలాసంగా మారుతోంది. చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం తగ్గి ఓడలు ఖాళీగా పడి ఉండటం చూసి, జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891 జనవరిలో ‘ఆగస్టా విక్టోరియా’ను మధ్యధరా సముద్రానికి కేవలం షికారుకని పంపాడు. 241 మంది వెళ్ళారు. ఆధునిక విహార యాత్రలకు అదే మొదలంటారు. డెక్కు అనే అదే చెక్క నేల అక్కడ వాలు కుర్చీలు వేసుకునే చోటయింది.

ఇటు విశాఖలో రేవు కట్టాక 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఓడ రేవు గోడ పక్కకే వచ్చి ఆగే సౌకర్యం కుదిరింది కానీ, రంగం దారి ఎక్కువ కాలం నిలవలేదు. 1937లో బర్మా భారతదేశం నుంచి వేరైంది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. యుద్ధం తర్వాత మునుపటి రాకపోకలు మళ్ళీ రాలేదు.

సాధారణ తెలుగు జనానికి సముద్రం మీది పగళ్ళు ఆ తర్వాత దొరికింది అండమాన్ ఓడలోనే. ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్‌కు వలసపోయి స్థిరపడ్డాయి. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు, రెండు రోజులకు పైగా ప్రయాణం. ‘హర్షవర్ధన’ చాలాకాలం ఈ దారిన తిరిగింది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైన ‘స్వరాజ్ ద్వీప్’ కూడా తిరిగింది. గదులున్నా ఎక్కువమంది బంకు క్లాసు వాళ్ళే. గంట కొట్టగానే పళ్ళాలు పట్టుకుని భోజనానికి వరస, మధ్యాహ్నం పేకాట, సాయంత్రం రెయిలింగు దగ్గర నిలబడి ఎగిరే చేపల్ని పిల్లలకు చూపించడం. తిరిగి వచ్చేటప్పుడు మొదట కనిపించేది యారాడ కొండ కొమ్ము, డాల్ఫిన్స్ నోస్. ముందు మబ్బు చారలా ఉండి, మెల్లగా రాయవుతుంది. సెల్‌ఫోన్లు పలకడం దాదాపు అప్పుడే మొదలవుతుంది. ఓడ కాలవలోకి తిరిగేసరికి కుడివైపు కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి వరసగా కనిపిస్తాయి. రంగం డబ్బుతో వచ్చిన తాతలు ఇదే యారాడ కొండను చూసి మూటలు సర్దుకున్నారు.

టికెట్టు కొని ఊరికే తిరిగి రావడానికని విశాఖ నుంచి ఓడ ఎక్కడం 2022 జూన్‌లో మొదలైంది. కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఆ నెల 8న వచ్చింది. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో రాయల్ కరీబియన్ కోసం తయారైన ఓడ అది. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై అనేది అప్పటి దాని దారి. విశాఖ వదిలాక ఒక పగలంతా ఏ రేవూ ఉండదు, సముద్రమే. హైదరాబాదు బోరబండ నుంచో ఫిల్మ్‌నగర్ నుంచో వచ్చే కుటుంబానికి రేవు చేరడానికే ఒక రాత్రి రైలు ప్రయాణం. అంత దూరం వచ్చింది ఏ పనీ లేని ఆ పగటి కోసమే. పై డెక్కు మీద ఈతకొలను, లోపల నాటకశాల, రోజంతా తిండి. అయినా సాయంత్రం అయ్యేసరికి జనం చేరేది రెయిలింగు దగ్గరికే.

2023 సెప్టెంబరు 4న విశాఖలో విహార నౌకల కోసమే కట్టిన టెర్మినల్ ప్రారంభమైంది. ‘ది వరల్డ్’ అనే ఓడ 2024 ఏప్రిల్‌లో అక్కడికి వచ్చింది. అందులో ఉండేవాళ్ళు ప్రయాణికులు కారు, ఇళ్ళు కొనుక్కుని సముద్రం మీదే కాపురముండేవాళ్ళు.